1.35 వోల్టుల చిక్కు: పాత ఫిల్మ్ కెమెరాలో ఏ సెల్లు వేయాలి, ఏ ఫ్యూజు పెట్టాలి

పాత కెమెరాకు సెల్లు కావాలని అడిగితే దుకాణాల్లో చేసే పని సాధారణంగా ఒకటే. పాత సెల్లు పక్కన కొత్త సెల్లు పెట్టి సైజు చూస్తారు, సరిపోతే ఇచ్చేస్తారు. గోడ గడియారానికీ టీవీ రిమోట్‌కూ ఆ పద్ధతి చాలు. 1960, 70ల నాటి ఫిల్మ్ కెమెరా దగ్గర మాత్రం అది రీలుకు రీలే పాడు చేస్తుంది. సెల్లు అరలో చక్కగా కూర్చుంటుంది, వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదులుతుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఫిల్ము కడిగాక నెగెటివ్‌లు పలచగా వస్తాయి. అప్పుడు అనుమానం లెన్సు మీదికీ ల్యాబ్ మీదికీ పోతుంది గానీ సెల్లు మీదికి పోదు.

సైజు కాక చూడాల్సినవి మరో మూడు ఉన్నాయి. వోల్టేజీ ఎంత? వాడేకొద్దీ అది నిలకడగా ఉంటుందా, దిగిపోతుందా? ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదు? లైట్ మీటరుకు రెండో ప్రశ్న ముఖ్యం. మోటారుతో ఫిల్ము తిప్పే కెమెరాకు మూడోది ముఖ్యం, ఫ్యూజు సంగతి కూడా అక్కడే వస్తుంది. వెలుతురుతోనే కరెంటు పుట్టించుకునే సెలీనియం మీటరుతో నడిచే ఒలింపస్ ట్రిప్ 35, జెనిట్-ఈ లాంటి వాటికి అసలు సెల్లే అక్కర్లేదు కాబట్టి వాటిని పక్కన పెడదాం.

పాదరసం సెల్లు వదిలి వెళ్లిన ఖాళీ

శామ్యూల్ రూబెన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అభివృద్ధి చేసిన పాదరసం సెల్లులో ఒకవైపు జింకు, మరోవైపు మెర్క్యూరిక్ ఆక్సైడు ఉంటాయి. దాన్ని తయారు చేసిన మేలొరీ కంపెనీయే తర్వాత డ్యూరాసెల్ అయింది. ఈ సెల్లు గొప్పదనం దాని నిలకడ. మొదటి రోజు 1.35 వోల్టులు ఇస్తే, చివరి రోజుల్లోనూ దాదాపు అంతే ఇచ్చేది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయేది. అందుకే కెమెరాలు డిజైన్ చేసినవాళ్లు వోల్టేజీని స్థిరపరిచే సర్క్యూట్ పెట్టే శ్రమ తీసుకోలేదు. సెల్లునే కొలబద్దగా వాడుకున్నారు. వెలుతురును పసిగట్టే కాడ్మియం సల్ఫైడు కన్ను, ముల్లు కదిపే ఒక గాల్వనోమీటరు, ఒకటి రెండు రెసిస్టర్లు, ఒక సెల్లు ఉంటే మీటరు తయారైపోయేది.

ఆ సెల్లుల్లో ఎక్కువగా వాడినది పీఎక్స్625. సుమారు 15.6 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. పైచిలుకు ఎత్తు. ఒలింపస్ ఓఎం-1, కేనన్ ఎఫ్‌టీబీ, కేనోనెట్ క్యూఎల్17, మినోల్టా ఎస్ఆర్‌టీ 101, రోలై 35, లైకా ఎం5 అన్నీ దాని మీద ఆధారపడినవే. పెళ్లిళ్లలో నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూస్తూ ఫొటోలు తీసిన రెండు లెన్సుల యాషికాల్లో మీటరున్న మ్యాట్-124జీ కూడా ఆ కోవలోదే.

అమెరికా 1996లో చట్టం తెచ్చి పాదరసం సెల్లుల అమ్మకానికి తెర దించింది. ఐరోపా కొద్ది సంవత్సరాల్లోనే అదే దారి పట్టింది. పాదరసం మీద 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. పాత స్టాకు అంటూ ఎక్కడైనా దొరికినా కొనడం దండగ, ఇన్నేళ్లలో అది ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది.

ఆ ఖాళీలోకి వచ్చింది 625ఏ. దీన్నే 625యూ అనీ, ఎల్ఆర్9 అనీ కూడా అంటారు. ఆకారంలో అచ్చంగా పాత పీఎక్స్625, లోపల ఉన్నది మాత్రం ఆల్కలైన్. కొత్తగా వేసినప్పుడు 1.5 వోల్టుల పైనే ఉంటుంది, అంటే అసలు కావాల్సిన దానికంటే పదో వంతుకు మించి ఎక్కువ. గాల్వనోమీటరు గుండా ఎక్కువ కరెంటు పోతుంది. వెలుతురు ఎక్కువ ఉందని మీటరు పొరబడుతుంది, తక్కువ ఎక్స్‌పోజర్ చెబుతుంది. నెగెటివ్ పలచబడటానికి కారణం ఇదే. తేడా ఎంత అన్నది కెమెరాను బట్టీ వెలుతురును బట్టీ మారుతుంది. అర స్టాపుతో పోవచ్చు, ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) దాటనూ వచ్చు. ఇది చాలదన్నట్టు ఆల్కలైన్ వోల్టేజీ వాడేకొద్దీ జారుతూనే ఉంటుంది. ఈ నెల తీసిన రీలుకు ఒక తప్పు, మూడు నెలల తర్వాత తీసిన రీలుకు ఇంకో తప్పు.

"ఐఎస్ఓ (ఫిల్ము సున్నితత్వం) డయల్‌ను ఒక మెట్టు తగ్గించుకుంటే సరి" అనే సలహా తరచూ వినిపిస్తుంది. అది సగం మందే. ఎక్కువ వోల్టేజీ వల్ల వచ్చే తప్పు అన్ని వెలుతురుల్లో ఒకేలా ఉండదు. ఎండలో ముప్పావు స్టాపు తేడా చూపిన మీటరు, గదిలో మరో రకంగా తప్పుతుంది. డయల్ తిప్పితే ఒక చోట సరిపోయింది మరో చోట సరిపోదు. పైగా ఆ సర్దుబాటు ఆ రోజు ఉన్న సెల్లుకే చెల్లుతుంది. కలర్ నెగెటివ్ ఫిల్ము ఎక్కువ ఎక్స్‌పోజర్‌ను బాగానే ఓర్చుకుంటుంది గానీ తక్కువను ఓర్చుకోదు. స్లైడు ఫిల్ము ఏ వైపు తప్పినా క్షమించదు.

ఒక మినహాయింపు ఉంది, అది తెలియక డబ్బు ఖర్చు పెట్టేవాళ్లూ ఉన్నారు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ మీటరు బ్రిడ్జి సర్క్యూట్. అందులో ముల్లు మధ్యకు వచ్చిందంటే రెండు పక్కలా వోల్టేజీ సమానమైందని అర్థం. సెల్లు 1.35 ఇచ్చినా 1.55 ఇచ్చినా ఆ సమతూకం మారదు. అందులో పట్టే సైజు సిల్వర్ ఆక్సైడు సెల్లు వేసుకుంటే చాలు, అడాప్టర్లు అక్కర్లేదు.

ఉన్న దారులు

బ్రిడ్జి లేని 1.35 వోల్టుల కెమెరాలకు అన్నిటికన్నా చౌక దారి వినికిడి యంత్రాల సెల్లు. 675 నంబరు, నీలం రంగు స్టికర్‌తో వస్తుంది, హియరింగ్ ఎయిడ్ షాపుల్లో దొరుకుతుంది. ఇది జింక్-ఎయిర్ రకం. స్టికర్ తీయగానే వెనక ఉన్న సన్నటి రంధ్రాల గుండా గాలి లోపలికి పోయి సెల్లు మేల్కొంటుంది. వోల్టేజీ 1.4 దగ్గర నిలకడగా ఉంటుంది, మీటరు తేడా పట్టించుకోవాల్సినంత ఉండదు.

అమర్చే పద్ధతి ఇదీ. 675 వ్యాసం 11.6 మి.మీ. మాత్రమే కాబట్టి 15.6 మి.మీ. అరలో అటూ ఇటూ జారుతుంది. లోపలి వ్యాసం సెల్లుకు బిగువుగా పట్టేట్టు, బయటి వ్యాసం అరకు సరిపోయేట్టు ఒక రబ్బరు ఓ-రింగు తొడగాలి. ఇలాంటివి కుళాయి వాషర్లు అమ్మే హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. సెల్లు ఎత్తు 5.4 మి.మీ. కాబట్టి ముక్కాలు మిల్లీమీటరు తక్కువ పడుతుంది. వంటింటి అల్యూమినియం రేకును చిన్న బిళ్లలా మడిచి మైనస్ వైపు పెడితే కాంటాక్టు కుదురుతుంది. ఆ రేకు సెల్లు అంచు దాటి ప్లస్ డబ్బాను తాకకూడదు, తాకితే షార్టు. రంధ్రాలు ప్లస్ వైపు ఉంటాయి, వాటి మీద రేకు గానీ టేపు గానీ పెట్టకూడదు. స్టికర్ తీశాక వెంటనే మూత బిగించకుండా కొన్ని నిమిషాలు ఆగితే వోల్టేజీ పూర్తిగా అందుకుంటుంది.

లోపం ఆయుష్షు దగ్గర ఉంది. ఒకసారి మేల్కొన్నాక వాడినా వాడకపోయినా అది కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లోపు ఎండిపోతుంది. లోపలి ద్రవం గాలిలోని తేమతో ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. మే నెలలో తెలంగాణ, రాయలసీమల పొడి వేడిలో తొందరగా ఆరిపోతుంది, కోస్తా ఉక్కలో తేమ పీల్చుకుంటుంది. స్టికర్ మళ్లీ అంటిస్తే కొంత మేలు ఉంటుంది గానీ ఆయుష్షు పూర్తిగా ఆగదు. నెలకో రీలు తీసేవారికి ఇది బాగుంటుంది. ఏడాదికి రెండు రీళ్లు తీసేవారికి ప్రతిసారీ కొత్త సెల్లే. వైన్ సెల్ అనే పేరుతో వచ్చేదీ ఇదే రసాయనం, 625 ఆకారంలోనే ఉంటుంది కాబట్టి రింగు, రేకు గొడవ లేదు. ధర మాత్రం 675 కన్నా చాలా ఎక్కువ.

రెండో దారి అడాప్టరు. ఎంఆర్-9 పేరుతో అమ్మే అడాప్టర్లు 625 ఆకారంలో ఉండే లోహపు గిన్నెలు. వాటిలో 386 నంబరు సిల్వర్ ఆక్సైడు సెల్లు, అంటే ఎస్ఆర్43 కూర్చుంటుంది. లోపలి షాట్కీ డయోడు (కరెంటును ఒకే దిక్కుకు వదులుతూ కొంత వోల్టేజీ దించే చిన్న భాగం) 1.55ను 1.35 దగ్గరికి దించుతుంది. సిల్వర్ ఆక్సైడు వోల్టేజీ కూడా చివరిదాకా నిలకడగా ఉంటుంది కాబట్టి పాదరసం సెల్లు ప్రవర్తనకు ఇదే దగ్గర. చౌకగా దొరికే కొన్ని అడాప్టర్లలో డయోడు ఉండదు, అవి ఉత్త సైజు రింగులు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "వోల్టేజీ దించుతుందా?" ఇంకో మాట. అడాప్టరులో ఆల్కలైన్ ఎల్ఆర్43 వేస్తే డయోడు ఉన్నా లాభం లేదు. జారిపోయే వోల్టేజీలోంచి 0.2 తీసేస్తే మిగిలేదీ జారిపోయే వోల్టేజీయే.

సోల్డరింగ్ చేతనైనవాళ్లకు మూడో దారి, అర నుంచి మీటరుకు వెళ్లే తీగలో డయోడు కలపడం. ఇక్కడ ఏ డయోడు అన్నది చాలా ముఖ్యం. మామూలు సిలికాన్ 1ఎన్4148 వేస్తే దాదాపు అర వోల్టు మింగేస్తుంది, మీటరుకు 1.05 మిగులుతుంది. పవర్ సప్లైల్లో వాడే 1ఎన్5819 లాంటి పెద్ద షాట్కీ, మీటరు తీసుకునే మైక్రో ఆంపియర్ల దగ్గర దించాల్సినంత దించదు. బ్యాట్43 లాంటి చిన్న సిగ్నల్ షాట్కీ సరైనది. డయోడు దించే వోల్టేజీ కరెంటును బట్టి మారుతుంది, కరెంటు పదింతలైతే సుమారు 0.06 వోల్టులు పెరుగుతుంది. కాబట్టి మీటరు పనిచేస్తుండగా మధ్యస్థ వెలుతురులో డయోడు రెండు చివరల మధ్య ఎంత వస్తోందో కొలిచి చూడాలి. 0.18 నుంచి 0.22 మధ్య వస్తే సరిపోయినట్టే. డయోడు గీత ఉన్న చివర ఎటు ఉండాలంటే, ప్లస్ తీగలో పెడితే సర్క్యూట్ వైపు, మైనస్ తీగలో పెడితే సెల్లు వైపు. కెమెరా బాడీకి ప్లస్ కలిసి ఉందో మైనస్ కలిసి ఉందో ముందే మల్టీమీటరుతో చూసుకోకపోతే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

మీటరునే 1.55కు కొత్తగా సరిచేయించడం నాలుగో దారి. మంచి మెకానిక్ చేతిలో, కెమెరా ఎలాగూ సర్వీసుకు విప్పినప్పుడు ఇది సుఖం. దీనికోసమే విప్పించడం మాత్రం అనవసర ఖర్చు.

1.5 వోల్టుల కెమెరాలు, 6 వోల్టుల కెమెరాలు

1970ల మధ్య నుంచి చిక్కు తగ్గింది. పెంటాక్స్ కే1000, నికాన్ ఎఫ్ఎం, ఎఫ్ఈ, ఒలింపస్ ఓఎం-2, ఓఎం-10, మినోల్టా ఎక్స్-700 అన్నీ 44 సైజు సెల్లులతోనే నడుస్తాయి. కే1000కు ఒకటి చాలు, మిగతా వాటికి రెండేసి. వాచీ దుకాణంలో ఏజీ13 అన్నా ఎల్ఆర్44 అన్నా ఇచ్చేది ఆల్కలైన్. అడగాల్సింది ఎస్ఆర్44, లేదా 357. పేరులో మొదటి అక్షరమే రసాయనం చెబుతుంది. ఎల్ అంటే ఆల్కలైన్, ఎస్ అంటే సిల్వర్ ఆక్సైడు, పీ అంటే జింక్-ఎయిర్, సీ అంటే లిథియం. 303 నంబరుతో అదే సైజు సిల్వర్ సెల్లు ఉంటుంది గానీ అది తక్కువ కరెంటు తీసుకునే వాచీల కోసం. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న కెమెరాకు 357 మేలు.

ఎల్ఆర్44తో ఈ కెమెరాలు పనిచేయవా అంటే, చేస్తాయి. తొందరగా దిగిపోవడమూ, మరిచిపోతే కారడమూ దాని గుణాలు. ఓఎం-10లో సెల్లు బలహీనపడితే మిర్రర్ పైకి లేచి అక్కడే ఆగిపోతుంది, చాలామంది కెమెరా చెడిపోయిందనుకుంటారు. నిజానికి కావాల్సింది ఒక జత కొత్త సెల్లులు, మోడ్ డయల్‌ను బీ దగ్గరికి తిప్పడం. రెండు 44ల స్థానంలో ఒక సీఆర్1/3ఎన్ లిథియం సెల్లు కూడా సరిగ్గా పడుతుంది. 10.8 మి.మీ. ఎత్తు, 3 వోల్టులు. చలి ప్రాంతాల్లో తిరిగేవారికి అదే మంచిది. కే1000కు ఆపే స్విచ్ లేదు. లెన్సు మూత పెట్టడమే స్విచ్, మూత పారేసుకుంటే సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది.

సెల్లు పూర్తిగా చచ్చినా ఏ కెమెరా ఎంతవరకు పనిచేస్తుందో తెలిసి ఉండాలి. ఓఎం-1, ఎఫ్ఎం, కే1000లలో మీటరు ఒక్కటే పోతుంది, షట్టర్ అన్ని వేగాల్లోనూ నడుస్తుంది. నికాన్ ఎఫ్ఈలో 1/90 సెకను, పెంటాక్స్ ఎంఈ సూపర్‌లో 1/125 మెకానికల్‌గా మిగులుతాయి. కేనన్ ఏఈ-1, ఏ-1లలో ఏమీ మిగలదు, షట్టర్ నొక్కితే చడీచప్పుడూ ఉండదు.

ఆ ఏఈ-1కు కావాల్సింది 6 వోల్టుల 4ఎల్ఆర్44. సిల్వర్ రకం 4ఎస్ఆర్44, లిథియం రకం కూడా దొరుకుతాయి. దుకాణంలో దీనికి బదులు కాలింగ్ బెల్ రిమోట్‌లో వాడే 23ఏ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. చూపుకు రెండూ పొట్టి గొట్టాలే, 23ఏ మాత్రం 12 వోల్టులు. చిన్న ఊళ్లలో 4ఎల్ఆర్44 దొరకకపోతే నాలుగు ఎస్ఆర్44లను వరుసగా పేర్చి కాగితం గొట్టంలో చుట్టవచ్చు. గొట్టం వ్యాసం 13 మి.మీ.కు తేవాలి. నాలుగు కలిపితే 21.6 మి.మీ. ఎత్తే వస్తుంది, అసలుది 25.2. మిగిలిన మూడున్నర మిల్లీమీటర్లకు ఇత్తడి బిళ్ల గానీ చిన్న స్ప్రింగు గానీ కావాలి. అర తలుపు ఆ కెమెరాలో సున్నితం, బలంగా నొక్కితే విరిగేది ఆ ప్లాస్టిక్ గొళ్లెమే.

యాషికా ఎలక్ట్రో 35 సంగతి విచిత్రం. దానికి అసలు ఉద్దేశించింది 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ. దాని సర్క్యూట్ 6 వోల్టులను పట్టించుకోదు కాబట్టి 4ఎల్ఆర్44, దాన్ని నిలబెట్టే గొట్టం, ఒక స్ప్రింగు ఉంటే సరిపోతుంది. సెల్లు లేకపోతే ఎప్పుడూ 1/500 వేగంతోనే షట్టర్ పడుతుంది. షట్టర్ పడుతోంది కదా అని రీలంతా తీసేసి పలచటి నెగెటివ్‌లు అందుకున్నవాళ్లు తక్కువేం కాదు.

ఆకారం అదే, వోల్టేజీ వేరు

1980ల చివరి నుంచి వచ్చిన ఆటోఫోకస్ కెమెరాల్లో లిథియం బ్యాటరీలు ప్రవేశించాయి. ఒలింపస్ మ్యూ 2కు సీఆర్123ఏ, కేనన్ ఈఓఎస్ 650కు 2సీఆర్5. వీటి దగ్గర ప్రమాదం రీచార్జబుల్ సెల్లుల నుంచి. సీఆర్123ఏ సైజులోనే వచ్చే 16340 అనే లిథియం-అయాన్ సెల్లు నిండుగా ఛార్జయినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. కెమెరా ఎదురుచూసేది 3. కొన్ని కెమెరాలు తట్టుకుంటాయి, కొన్ని ఒక్క క్లిక్కులో పోతాయి, ఏది ఎటుపోతుందో ముందే చెప్పలేం. ఏఏ సైజులో ఉండే 14500 మరీ ఘోరం, 1.5 ఉండాల్సిన చోట 4.2. నాలుగు సెల్లుల కెమెరాలో అది 6కు బదులు దాదాపు 17 వోల్టులు అవుతుంది. ఏఏ కెమెరాలకు నికెల్-మెటల్ హైడ్రైడు రీచార్జబుల్ సెల్లులు భద్రం. వాటి 1.2 వోల్టులను చూసి కొన్ని కెమెరాలు తొందరగా "బ్యాటరీ తక్కువ" అంటాయి, అంతకుమించి హాని లేదు.

మోటారు కెమెరా, దాని ఫ్యూజు

చేత్తో తిప్పే కెమెరాల్లో మార్చుకునే ఫ్యూజు దాదాపుగా కనిపించదు. సెల్లు ఇచ్చే మిల్లీ ఆంపియర్లతో అక్కడ కాలేది ఏమీ లేదు. మోటారు ఉన్నచోట లెక్క మారుతుంది. దీనికి చక్కటి ఉదాహరణ హాసెల్‌బ్లాడ్ 500 ఈఎల్, దాని తర్వాతి ఈఎల్/ఎం. 1965లో వచ్చిన ఈఎల్‌ను మార్చి తయారు చేసినవే అపోలో వ్యోమగాములు చంద్రుడి మీదికి తీసుకెళ్లిన కెమెరాలు. ప్రతి క్లిక్కు తర్వాత మోటారు ఫిల్మును ముందుకు లాగుతుంది, షట్టర్‌ను బిగిస్తుంది, మిర్రర్‌ను దించుతుంది.

దీని అసలు బ్యాటరీ డీఈఏసీ 5/500. బిళ్లల్లాంటి నికెల్-కాడ్మియం సెల్లులు అయిదు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కోటి 1.2, మొత్తం 6 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్ అవర్లు. నికెల్-కాడ్మియం అంతర్గత నిరోధం చాలా తక్కువ, అడిగిన వెంటనే ఆంపియర్లు కుమ్మరిస్తుంది. మోటారుకు కావాల్సింది అదే. ఇప్పుడు దొరికే పాత డీఈఏసీలు తెల్ల పొడి కక్కుకుని ఉంటాయి, వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. 1988 నాటి 553 ఈఎల్ఎక్స్ నుంచి ఈ చిక్కు లేదు, అది అయిదు ఏఏ సెల్లులతో నడుస్తుంది.

పాత ఈఎల్‌కు రెండు మార్గాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, అదే ఆకారంలో అయిదు నికెల్-మెటల్ హైడ్రైడు సెల్లులతో కొత్త ప్యాక్ కట్టించడం. రెండోది, చతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ పట్టే అడాప్టరు. 6 వోల్టుల చోట 9 ఎలా అనే అనుమానం సహజం. ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీ అంతర్గత నిరోధం ఎక్కువ, ఒకటిన్నర రెండు ఓమ్‌ల వరకు ఉంటుంది. మోటారు ఒక ఆంపియరు లాగితేనే రెండు వోల్టుల దాకా బ్యాటరీలోనే పోతుంది. అలా వోల్టేజీ దానంతటదే కిందికి దిగుతుంది కాబట్టి నడుస్తుంది. అదే ఆకారంలో వచ్చే రీచార్జబుల్ లిథియం 9 వోల్టుల బ్యాటరీకి ఈ దయ ఉండదు. లోపల రెండు లిథియం-అయాన్ సెల్లులు నేరుగా ఉన్న రకమైతే 8.4 వోల్టులూ మోటారు మీద పడతాయి. లోపల సర్క్యూట్ ఉన్న రకమైతే మోటారు మొదటి ఊపుకే అది కట్ అయిపోతుంది. ఈ రెంటికీ దూరంగా ఉండి, ప్యాక్ కట్టించుకోవడమే సరైన పని.

కొత్త ప్యాక్‌ను పాత ఛార్జరు మీద పెట్టేముందు లెక్క చూడాలి. 500 సామర్థ్యానికి తయారైన నిదానపు ఛార్జరు 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున 14 గంటలు ఇస్తే మొత్తం 700 అవుతుంది. ప్యాక్ సామర్థ్యం 1000 అయితే అది నిండదు. ప్రమాదమేమీ లేదు, తక్కువ ఫొటోలు వస్తాయంతే. లిథియం సెల్లులను ఈ ఛార్జరు మీద పెడితే మాత్రం మంటలే.

ఇక ఫ్యూజు. ఈఎల్/ఎంకు కావాల్సింది 5 × 20 మి.మీ. గాజు గొట్టం, 1.6 ఆంపియర్లు, స్లో బ్లో. వెదకాల్సింది బ్యాటరీ అర లోపలే. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో గానీ, టీవీ రిపేరు సామాను అమ్మే ఏ దుకాణంలో గానీ ఇవి దొరుకుతాయి. లోహపు టోపీ మీద ఉన్న అక్షరాలు చదవాలి. టీ1.6 అంటే స్లో, ఎఫ్1.6 అంటే ఫాస్ట్. పక్కనే 250 వోల్టులు అని ఉంటే కంగారు పడనక్కర్లేదు, అది గరిష్ఠ పరిమితి, 6 వోల్టుల దగ్గరా అదే పనిచేస్తుంది. అమెరికన్ పరికరాల్లో వాడే 6.3 × 32 మి.మీ. ఫ్యూజు ఇందులో పట్టదు.

స్లో ఎందుకంటే, ఆగి ఉన్న మోటారు కదిలే మొదటి క్షణంలో మామూలు కన్నా కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తన రేటింగుకు పదింతల కరెంటు వస్తే ఫాస్ట్ ఫ్యూజు 20 మిల్లీ సెకన్లలోపే తెగాలి, స్లో ఫ్యూజు కనీసం 20 మిల్లీ సెకన్లు ఓర్చుకోవాలి. ఫాస్ట్ రకం వేస్తే కెమెరాలో ఏ లోపం లేకున్నా ఒకటి రెండు క్లిక్కుల్లో పోతుంది. అప్పుడు చేతికి అందిన 5 ఆంపియర్లది పెట్టడం, లేదా సిగరెట్ పెట్టె రేకు చుట్టడం జరుగుతుంది. ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టినట్టే ఇదీ. తర్వాత కాలేది ఫ్యూజు కాదు, దాని వెనక ఉన్నది.

ఫ్యూజు పోవడానికి అసలు కారణం చాలాసార్లు మెకానికల్. లెన్సులోని షట్టర్‌ను బిగించకుండానే లెన్సును బాడీకి తగిలించడం, ఫిల్ము మ్యాగజీన్‌లో ఇరుక్కోవడం, ఎండిన గ్రీజు. మోటారు తిరగలేక ఆగిపోతే కరెంటు పెరిగి ఫ్యూజు తెగుతుంది. గాజు లోపల తీగ మధ్యలో శుభ్రంగా తెగి ఉంటే ఓవర్‌లోడు. గాజు నల్లబడి, లోహం చిమ్మినట్టు ఉంటే షార్టు. మొదటి రకమైతే జామ్ విడిపించి కొత్తది వేయవచ్చు. రెండో రకమైతే తీగలు చూడకుండా కొత్తది వేయడం ఇంకో ఫ్యూజు దండగ.

బ్యాటరీకీ ఫ్యూజుకూ ఉన్న లంకె ఇక్కడ బయటపడుతుంది. స్లో ఫ్యూజు రేటింగుకు ఒకటిన్నర రెట్లు, అంటే 2.4 ఆంపియర్లు, గంట సేపు మోసినా తెగనక్కర్లేదు. 2.1 రెట్లు, అంటే సుమారు 3.4 ఆంపియర్లు వస్తేనే రెండు నిమిషాల్లోపు తెగి తీరాలి. ఉదాహరణకు ఆగిపోయిన మోటారు, దాని తీగలు కలిసి రెండు ఓమ్‌లు అనుకుంటే, 9 వోల్టుల ఆల్కలైన్ తన సొంత నిరోధంతో కలిపి దాదాపు రెండున్నర ఆంపియర్లే ఇవ్వగలదు. ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది, మోటారు వేడెక్కుతూ ఉంటుంది. నికెల్ ప్యాక్ అదే మోటారు మీదికి మూడు ఆంపియర్ల దాకా తోస్తుంది, ఫ్యూజు మేల్కొనే హద్దు దగ్గరికి వస్తుంది. అందువల్ల 9 వోల్టుల అడాప్టరు వాడేవాళ్లు మోటారు శబ్దం మధ్యలో ఆగిపోతే ఫ్యూజును నమ్ముకుని నిలబడకూడదు, వెంటనే బ్యాటరీ తీసేయాలి.

మోటారు నిద్రపోయిన ప్రతిసారీ ఫ్యూజే దోషి అనుకోవడమూ పొరపాటే. ఫ్యూజును పట్టుకునే క్లిప్పులకు చిలుము పట్టి ఉంటే నిరోధం పెరిగి మోటారుకు వోల్టేజీ అందదు. ఫ్యూజు తీసి, మల్టీమీటరులో కంటిన్యూటీ చూసి, బాగుంటే క్లిప్పులు తుడవాలి. బ్యాటరీని కూడా ఊరికే కొలిస్తే సరిపోదు. 10 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టరు రెండు సెకన్లు కలిపి ఉంచి కొలవాలి. 6 వోల్టుల ప్యాక్ ఒక వోల్టు కన్నా ఎక్కువ పడిపోతే అది మోటారుకు పనికిరాదు, ఉత్తగా కొలిచినప్పుడు 6.4 చూపించినా సరే.

ఆటోఫోకస్ కెమెరాల్లో ఫ్యూజులు ఉంటాయి గానీ అవి బోర్డు మీద సోల్డర్ చేసిన బియ్యపు గింజంత ముక్కలు. బ్యాటరీ తిరగేసి పెట్టినప్పుడు పోయేది సాధారణంగా అవే. బ్యాటరీ తీసి, రెండు చివరల మధ్య కొలిస్తే సున్నాకు దగ్గరగా రావాలి. ఫ్లాష్ ఉన్న కెమెరా విప్పితే ముందు దాని కెపాసిటర్‌ను కొలవాలి. బ్యాటరీ తీసిన చాలాసేపటి తర్వాత కూడా అక్కడ 300 వోల్టుల దరిదాపులో ఉండవచ్చు. అలవాటు లేనివాళ్లు ఆ పని మెకానిక్‌కే వదిలేయాలి.

మీటరు నిజం చెబుతోందా

సెల్లు మార్చాక మూడు చోట్ల పరీక్ష చేయాలి: నిండు ఎండ, కిటికీ పక్కన, రాత్రి బల్బు వెలుగు. సరైన మీటరు గానీ, ఫోన్‌లోని లైట్ మీటరు యాప్ గానీ పక్కన పెట్టి, ఒకే బూడిద రంగు గోడను చూపించాలి. ఎండలో ఐఎస్ఓ 100కు ఎఫ్16, 1/125 దగ్గర రావాలి. మూడు చోట్లా ఒకే తేడా వస్తే డయల్ మీద సర్దుకోవచ్చు, అది సెల్లు తప్పు కాదు. వెలుతురును బట్టి తేడా మారుతుంటే వోల్టేజీ సరిగా లేదు, లేదా కాడ్మియం సల్ఫైడు కన్ను ముసలిదైంది. సరైన 1.35 ఇచ్చి చూస్తే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది.

పాత సెల్లు కారిన అరలో తెల్లటి పొడి ఉంటే ఆల్కలైన్ తాలూకు క్షారం. వెనిగర్ గానీ నిమ్మరసం గానీ దూది పుల్లతో కొద్దిగా అద్ది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పచ్చ చిలుము గట్టిగా ఉంటే ఫైబర్ బ్రష్షు. సాండ్‌పేపరు వేస్తే కాంటాక్టు పూత పోయి మళ్లీ తొందరగా తుప్పు పడుతుంది. అర మెరిసినా మీటరు కదలకపోతే అర వెనక సోల్డర్ చేసిన తీగను చూడాలి. క్షారం రాగి తీగ లోపలికి పాకి నల్లగా మార్చేస్తుంది, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. లోపల పాత పాదరసం సెల్లు దొరికితే కోయకూడదు, కాల్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. మూత బిగించిన సీసాలో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట అప్పగించాలి. ఇక ఏ రకం సెల్లయినా, నెల దాటి కెమెరా బీరువాలో ఉండబోతోందంటే తీసి బయట పెట్టాలి, ముఖ్యంగా ఎండాకాలంలో.